లండన్‌లో ఆయిస్టర్ కార్డ్ కొనాలా, మన క్రెడిట్ కార్డ్ సరిపోతుందా? అమ్మ, పిల్లలతో వెళ్తున్నాం

బెజవాడ బుల్లోడు:

అందరికీ నమస్తే. వచ్చే నెల మూడు వారాలకి లండన్ వెళ్తున్నాం. నేను, మా ఆవిడ, మా అమ్మ (68 ఏళ్ళు), పెద్దదానికి 12, చిన్నోడికి 8. దిగేది ఈస్ట్ హామ్‌లో మా బావమరిది ఇంట్లో. వాడు పొద్దున్నే డ్యూటీకి పోతే మళ్ళీ రాత్రికే ఇంటికొచ్చేది, కాబట్టి ఊరు తిరగడం మా పాట్లు మేము పడాల్సిందే. ఫోన్లో అడిగితే "ఏం కొనక్కర్లేదు బావా, కార్డ్ చూపిస్తే గేటు తెరుచుకుంటుంది, అంతే" అంటాడు. వాడికి అక్కడి బ్యాంకు కార్డుంది, వాడికేం. నాకు వీసా క్రెడిట్ కార్డ్ ఒకటుంది, దాని మీదే మా ఆవిడకి యాడాన్ కార్డ్ ఉంది. అమ్మ దగ్గర ఉన్నది పెన్షన్ అకౌంట్ రూపే డెబిట్ కార్డ్ మాత్రమే.

నా డౌట్లు ఏంటంటే, నా ఒక్క కార్డే ఐదుగురికీ ఐదుసార్లు పెడితే ఒప్పుకుంటారా? ఆ ఆయిస్టర్ కార్డ్ (ముందే డబ్బులేసుకుని అక్కడి రైళ్ళలో, బస్సుల్లో వాడే కార్డట) కొంటే టికెట్ ఏమైనా తగ్గుతుందా? అమ్మకి సీనియర్ సిటిజన్ రాయితీ ఉంటుందా? పిల్లలకి ఎలా? హీత్రూలో దిగాక ఐదు సూట్‌కేసులతో ఈస్ట్ హామ్ దాకా రైల్లో వెళ్ళడం అయ్యే పనేనా? హైదరాబాద్ మెట్రో కార్డ్ వాడిన అనుభవం ఉంది గానీ ఇక్కడ జోన్లు, క్యాపులు అని చదువుతుంటే బుర్ర తిరుగుతోంది, అమ్మని తీసుకెళ్ళి గేటు దగ్గర ఇరుక్కుపోతామేమోనని కాస్త టెన్షన్‌గా కూడా ఉంది.

గోదారి గాలి:

మేము 2011లో వెళ్ళాం. రోజూ పొద్దున్నే స్టేషన్‌లో డే ట్రావెల్‌కార్డ్ అని కాగితం టికెట్ కొనుక్కుని రోజంతా తిరిగేవాళ్ళం. అదే బెస్ట్, ఏ తలనొప్పీ లేదు. అవే కొనేసుకోండి.

ఈస్ట్ హామ్ అక్క:

గోదారి గాలి గారూ, 2011లో అది సరైన సలహానే, ఇప్పుడు మాత్రం కొనొద్దు. ఇప్పుడు ఆయిస్టర్ అయినా బ్యాంకు కార్డ్ అయినా రోజుకి ఇంతకి మించి కోయకూడదని ఒక హద్దుంది, దాన్నే క్యాప్ అంటారు. ఆ హద్దు ఆ కాగితం టికెట్ ధర కన్నా తక్కువ. ఊరి నడిబొడ్డు జోన్ 1, బయటికి పోయేకొద్దీ నంబరు పెరుగుతుంది. 2025లో జోన్ 1, 2 లోపల తిరిగితే రోజుకి 8.90 పౌండ్లు, ఈస్ట్ హామ్ నుంచి ఊళ్ళోకి అంటే జోన్ 1 నుంచి 3 దాకా 10.50. అది దాటాక ఎన్ని రైళ్ళెక్కినా కోత ఉండదు. సోమవారం నుంచి ఆదివారం దాకా వారానికి కూడా ఇలాంటి హద్దే ఉంది, దానికి మనం చేయాల్సిందేమీ లేదు, రోజూ ఒకే కార్డ్ వాడితే చాలు. ప్రతి ఏడాదీ మార్చిలో ఈ రేట్లు మారుతుంటాయి, వెళ్ళే ముందు ఒకసారి చూసుకోండి.

బుల్లోడు గారూ, మీ ప్రశ్నలకి వస్తా. నేను పన్నెండేళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉంటున్నా, మా ఇంటికొచ్చిన చుట్టాలందరికీ చెప్పీ చెప్పీ కంఠతా వచ్చేసింది.

ఒక కార్డ్ ఒక్క మనిషికే. మీ కార్డ్ పెట్టి మీరు లోపలికెళ్ళారంటే ఆ ప్రయాణం ఆ కార్డ్ మీద మొదలైనట్టు, మీరు వేరే స్టేషన్‌లో బయటికొచ్చేటప్పుడు మళ్ళీ అదే కార్డ్ పెడితే అయిపోయినట్టు. మధ్యలో అదే కార్డ్ మీద రెండో మనిషిని లోపలికి పంపడం కుదరదు. మీకు ఒకటి, మీ ఆవిడకి ఒకటి ఉన్నాయి కాబట్టి మీ ఇద్దరికీ ఆయిస్టర్ అక్కర్లేదు. పెద్దవాళ్ళకి ఆయిస్టర్ మీదా బ్యాంకు కార్డ్ మీదా ఛార్జీ ఒకటే, తేడా ఏమీ లేదు. కార్డ్ కొనడానికి మాత్రం డబ్బులవుతాయి. ముందు 7 పౌండ్లుండేది, 2025 సెప్టెంబరులో 10 చేశారు. అది తిరిగి రాదు. మన డబ్బుల్లో వెయ్యి పైనే, ఒక్క ప్లాస్టిక్ ముక్కకి.

మీ అమ్మగారికి మాత్రం ఆయిస్టరే కావాలి, రూపే ఇక్కడి గేట్ల దగ్గర పనిచేయదు. రాయితీ మాత్రం లేదండి. ఇక్కడ 60 దాటినవాళ్ళకి, ఇంకా పెద్దవాళ్ళకి ఉచిత పాసులున్నాయి గానీ అవన్నీ లండన్‌లో నివాసం ఉండేవాళ్ళకే. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు బస్సెక్కి డ్రైవర్‌కి ఆధార్ కార్డ్ చూపించింది! ఆమెకి మన దగ్గర బస్సులో అదే అలవాటైపోయింది మరి. ఆ డ్రైవర్ పాపం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వి, తిరిగిచ్చేశాడు.

ఇంకో మాట, కొనేముందు మీ బావమరిదిని ఇంట్లో సొరుగులు వెతకమనండి. ఇక్కడి ప్రతి తెలుగింట్లో అమ్మానాన్నలు వాడి వదిలేసిన ఆయిస్టర్ కార్డ్ ఒకటి కరివేపాకు పొడి ప్యాకెట్ పక్కనో పాత చార్జర్ల కిందో కచ్చితంగా ఉంటుంది. అందులో డబ్బులుంటే అవి మురిగిపోవు, ఎన్నాళ్ళైనా అలాగే ఉంటాయి. ఫొటో లేని మామూలు కార్డ్ అయితే ఎవరైనా వాడుకోవచ్చు. స్టేషన్‌లో మెషిన్ మీద ఉన్న పసుపు గుండ్రం దగ్గర పెడితే ఎంతుందో చూపిస్తుంది, అక్కడే రీఛార్జ్ చేసుకోవచ్చు.

స్లౌ శీను:

అక్క చెప్పింది కరెక్ట్. పిల్లల సంగతి నేను చెప్తా, పోయినేడాది మా అన్నయ్య పిల్లలతో చేసిందే.

8 ఏళ్ళ బాబుకి ఏమీ అక్కర్లేదు. ట్యూబ్‌లో (అంటే ఇక్కడి భూగర్భ మెట్రో), డీఎల్ఆర్‌లో (తూర్పు వైపు తిరిగే చిన్న మెట్రో రైలు) పెద్దవాళ్ళతో వెళ్తే 11 లోపు పిల్లలకి ఫ్రీ. ఒక పెద్ద మనిషితో నలుగురు పిల్లల దాకా ఒప్పుకుంటారు. బస్సులో కూడా ఫ్రీ. గేటు దగ్గర వాడిని మీతో పాటు పంపడానికి వెడల్పు గేటు వాడండి, సూట్‌కేసులకీ అదే.

12 ఏళ్ళ పాపకి ఆయిస్టర్ కొనాలి, కొని దాని మీద యంగ్ విజిటర్ డిస్కౌంట్ వేయించాలి. అది వేస్తే సగం ఛార్జీయే. మెషిన్‌లో మీరు వేసుకోలేరు, స్టేషన్‌లో సిబ్బందిని అడగాలి, పాప పక్కనే ఉండాలి. హీత్రూలో కూడా చేస్తారు. ఒక్క చిక్కుంది. అది 14 రోజులకే. మీరుండేది మూడు వారాలు కదా, మొదటి రెండు మూడు రోజులు ఎలాగూ జెట్ లాగ్‌తో ఇంట్లో పడుకుంటారు కాబట్టి అసలు తిరుగుడు మొదలయ్యాక వేయించుకుంటే గిట్టుబాటు. బ్యాంకు కార్డ్ మీద ఈ రాయితీ రాదు, అందుకే పిల్లకి ఆయిస్టరే.

ఆ పాప కార్డ్ మాత్రం పొరపాటున కూడా మీరెవరూ వాడొద్దు. రంగు, సైజు అన్నీ ఒకేలా ఉంటాయి, హడావిడిలో మీ అమ్మగారు పాప కార్డ్ పెట్టుకుని వెళ్ళి చెకింగ్‌లో దొరికితే పెనాల్టీ 100 పౌండ్లు. 21 రోజుల్లో కడితే సగం అనుకోండి, అయినా ఆ సగమే ఎంతవుతుందో చూడండి. కార్డుల మీద స్టిక్కర్ అంటించి పేర్లు రాసేయండి, మా వదిన బొట్టు బిళ్ళ అంటించింది, అది ఇంకా బాగుంది.

ఇంకొకటి, మా స్లౌ వైపు గానీ విండ్సర్ కోట చూడ్డానికి గానీ వస్తే ఆయిస్టర్ చెల్లదు. లండన్ మధ్య నుంచి మా ఊరి మీదుగా పోయే ఎలిజబెత్ లైన్ రైల్లో వెస్ట్ డ్రేటన్ స్టేషన్ దాటాక బ్యాంకు కార్డులే పనిచేస్తాయి. మీ అమ్మగారికి, పాపకి విడిగా టికెట్ కొనండి. రైలు ఒకటే, సీటు ఒకటే, కార్డ్ మాత్రం దారి మధ్యలో చచ్చిపోతుంది. ఇది తెలియక మా బాబాయ్ స్లౌలో గేటు దగ్గర అరగంట నిలబడ్డాడు.

బెజవాడ బుల్లోడు:

అమ్మో, ఇంత విషయముందా. అక్కా, శీను గారూ, చాలా థాంక్స్. మా బావమరిది సొరుగు వెతికాడు. ఒకటి కాదు, మూడు దొరికాయట! వాడి మామగారివి, స్నేహితుడి అమ్మగారివి. ఒకదాంట్లో 6 పౌండ్లున్నాయి, రెండోదాంట్లో 40 పెన్నీలు, మూడోది మెషిన్ ఒప్పుకోలేదు.

అయితే ఇంకో డౌట్. నా క్రెడిట్ కార్డ్ అక్కడ కచ్చితంగా పనిచేస్తుందని ఎలా తెలుసుకోవాలి? ఫారిన్‌లో ఎప్పుడూ వాడలేదు.

టాక్సు మామ:

దీనికి నేను చెప్తా, ఎందుకంటే ఇందులో దెబ్బ తిన్నది నేనే. మన రిజర్వ్ బ్యాంక్ 2020లో పెట్టిన రూల్ ప్రకారం మన కార్డుల్లో విదేశీ వాడకం, కాంటాక్ట్‌లెస్ (పిన్ కొట్టకుండా ఆనించి కట్టడం) రెండూ మనం ఆన్ చేసుకుంటేనే పనిచేస్తాయి. నేను విదేశీ వాడకం ఆన్ చేసి, కాంటాక్ట్‌లెస్ సంగతి మర్చిపోయి పోయా. గేటు దగ్గర పెడితే ఎర్ర లైటు. వెనక పాతిక మంది. మా ఆవిడ చూపు సంగతి ఇక్కడ రాయను. బయల్దేరే ముందే యాప్‌లో రెండూ ఆన్ చేసి, మన ఊళ్ళోనే ఏదైనా సూపర్‌మార్కెట్లో పిన్ కొట్టకుండా ఆనించి చూడండి. అక్కడ పనిచేస్తే కాంటాక్ట్‌లెస్ ఉన్నట్టే.

యాడాన్ కార్డులో కూడా విడిగా ఆన్ చేయాలేమో చూసుకోండి. ఇంకా ఫారెక్స్ మార్కప్ అని మన బ్యాంకు మీద మీద కోస్తుంది, చాలా కార్డుల్లో రెండు నుంచి మూడున్నర శాతం, దాని మీద జీఎస్టీ. కానీ లండన్‌లో ప్రతి గేటు దగ్గరా విడిగా కోయరు, రోజంతా తిరిగినదంతా కూడి ఒకేసారి వేస్తారు కాబట్టి స్టేట్‌మెంట్‌లో రోజుకో లైనే కనిపిస్తుంది. ముందే విదేశీ డబ్బులు నింపుకునే ఫారెక్స్ కార్డ్ కాంటాక్ట్‌లెస్ అయితే అది కూడా పనికొస్తుంది, నాకైతే అదే నయమనిపించింది.

ఒక ముఖ్యమైన సంగతి. ఫోన్లో పెట్టుకున్న కార్డ్, చేతిలో ఉన్న ప్లాస్టిక్ కార్డ్ రెండూ మనకి ఒకటే అయినా గేటుకి వేర్వేరు. ఫోన్‌తో లోపలికెళ్ళి ప్లాస్టిక్‌తో బయటికొస్తే రెండు సగం ప్రయాణాలు అవుతాయి, రెండిటికీ గరిష్ఠ ఛార్జీ పడుతుంది. రోజు మొదట ఏది వాడితే రాత్రి దాకా అదే వాడండి. అలాగే పర్సులో రెండు కార్డులు పెట్టి పర్సంతా ఆనించొద్దు, అది ఏ కార్డ్ తీసుకుంటుందో దానిష్టం. ఒక కార్డ్ బయటికి తీసి, అదొక్కటే పెట్టండి.

సింగపూర్ సీత:

మేము సింగపూర్‌లో ఏడేళ్ళుండి లండన్ వచ్చాం. అక్కడ బస్సులో ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కార్డ్ పెట్టాలి, దూరాన్ని బట్టి కోస్తారు. లండన్ బస్సులో ఎక్కేటప్పుడు ముందు డోర్ దగ్గర డ్రైవర్ పక్కన ఒక్కసారి పెడితే చాలు, ఎంత దూరమైనా ఒకటే రేటు, 2025లో అది 1.75 పౌండ్లు. దిగేటప్పుడు మధ్య డోర్ నుంచి దిగిపోవడమే. ఇది చెప్పినా మా అత్తగారు రెండు వారాలు దిగే ముందు వెనక్కి తిరిగి మళ్ళీ డ్రైవర్ దగ్గరికి పోయేవారు, అలవాటు అంత తొందరగా పోదు.

బస్సులో క్యాష్ తీసుకోరు, 2014 నుంచి. చిల్లర ఉంది కదా అని ఎక్కితే దింపేస్తారు. కానీ మొదటి బస్సెక్కిన గంటలోపు ఇంకో బస్సెక్కితే డబ్బులు పడవు, గంటలోపు ఎన్ని ఎక్కినా. దాన్ని హాపర్ అంటారు. మీ అమ్మగారికి ఇది బాగా కలిసొస్తుంది, ఈస్ట్ హామ్‌లో హై స్ట్రీట్ నార్త్ మీద మహాలక్ష్మి గుడి ఉంది, బస్సులో గుడికెళ్ళి దణ్ణం పెట్టుకుని గంటలోపు తిరుగు బస్సెక్కితే రానూ పోనూ ఒక్క టికెట్ డబ్బుల్లో అయిపోతుంది. తెలంగాణలో ఆడవాళ్ళ ఫ్రీ బస్సు పథకం పేరు కూడా మహాలక్ష్మే కదా, అమ్మవారి దయ ఇక్కడా బస్సు ఛార్జీల మీద కాస్త ఉందనుకోవాలి. గుడిలో ప్రసాదం దగ్గర లైనుంటే మాత్రం గంట దాటుతుంది, నాకు చాలాసార్లు దాటింది.

ఆయిస్టర్‌లో బస్సుకి సరిపోని చిల్లర మాత్రమే మిగిలున్నా కూడా ఒక్కసారికి ఎక్కనిస్తారు, తర్వాత రీఛార్జ్ చేసినప్పుడు ఆ బాకీ కోసుకుంటారు. రాత్రిపూట అమ్మగారు ఒంటరిగా ఎక్కడో ఆగిపోతారని భయపడక్కర్లేదు.

గ్రీనిచ్ గంగాధర్:

అందరూ అన్నీ చెప్పారు గానీ అసలైన గొయ్యి చెప్పలేదు. డీఎల్ఆర్ స్టేషన్లలో చాలా చోట్ల గేట్లే ఉండవు. మీ హైదరాబాద్ మెట్రోలో గేటు ఉంటుంది కాబట్టి కార్డ్ పెట్టకుండా బయటికి రాలేరు, మరిచిపోదామన్నా కుదరదు. ఇక్కడ గ్రీనిచ్‌లో కటీ సార్క్ స్టేషన్‌లో దిగి మెట్లెక్కి బయటికొస్తే ఎదురుగా పాత ఓడ కనిపిస్తుంది, పిల్లలు పరిగెడతారు, మనం వాళ్ళ వెనక పరిగెడతాం, పక్కన స్తంభానికున్న కార్డ్ రీడర్ ఎవరికి గుర్తుంటుంది? నేనే ఇక్కడ కాపురం ఉంటూ మా నాన్నగారిని తీసుకొచ్చినప్పుడు ముగ్గురం మర్చిపోయాం. ముగ్గురికీ గరిష్ఠ ఛార్జీ. తప్పు నాదే, ఆన్‌లైన్‌లో అడిగి కొంత వెనక్కి తెచ్చుకున్నా గానీ అరపూట దానికే పోయింది.

కాబట్టి గేటు ఉన్నా లేకపోయినా రైలు ప్రయాణం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి. పాపకి ఆ డ్యూటీ అప్పజెప్పండి, "అందరూ పెట్టారా" అని అరవడం. 12 ఏళ్ళ పిల్లలకి పెద్దవాళ్ళ మీద అరిచే ఛాన్స్ వస్తే వదలరు.

గులాబీ రంగు రీడర్లు కూడా కనిపిస్తాయి స్ట్రాట్‌ఫర్డ్, కెనడా వాటర్ లాంటి చోట్ల. ఊరి మధ్యలోకి, అంటే జోన్ 1లోకి పోకుండా పక్క నుంచి చుట్టి వచ్చామని చెప్పడానికవి, అప్పుడు ఛార్జీ తగ్గుతుంది. మీ టూరిస్ట్ తిరుగుడంతా జోన్ 1లోనే కాబట్టి మీరు పట్టించుకోకండి.

ఈస్ట్ హామ్ అక్క:

హీత్రూ సంగతి మిగిలిపోయింది. సూట్‌కేసులతో అయినా అవుతుంది. ట్యూబ్‌లో పికడిల్లీ లైన్ ఎక్కి హామర్‌స్మిత్‌లో దిగండి, అదే ప్లాట్‌ఫామ్‌కి అవతలి వైపు డిస్ట్రిక్ట్ లైన్ వస్తుంది. మెట్లు లేవు, లిఫ్టు వెతకక్కర్లేదు, సామాను లాక్కుని నాలుగడుగులేస్తే చాలు. అప్‌మిన్‌స్టర్ వైపు వెళ్ళే బండి ఎక్కితే సరాసరి ఈస్ట్ హామ్‌లో దిగొచ్చు. 2025లో దానికి మనిషికి 5.80 పౌండ్లు. ఎలిజబెత్ లైన్‌లో వస్తే ఊళ్ళోకి తొందరగా వస్తారు, ఏసీ ఉంటుంది, కానీ 2025లో జోన్ 1 దాకానే 14 పౌండ్ల దగ్గర పడేది, పైగా వైట్‌చాపెల్‌లో సామానుతో మారాలి. పికడిల్లీ దారి గంటన్నర పైనే అవుతుంది, లైను మొదట్లోనే ఎక్కుతారు కాబట్టి సీట్లు దొరుకుతాయి, అమ్మగారు ఓ కునుకు తీస్తారు. హీత్రూ ఎక్స్‌ప్రెస్ బోర్డులు పెద్దవి పెట్టి పిలుస్తుంటాయి, వాటి వైపు చూడకండి, ఆ రైల్లో ఆయిస్టర్ చెల్లుతుంది గానీ రేటు వేరు.

మామూలు రోజుల్లో పొద్దున 6:30 నుంచి 9:30, సాయంత్రం 4 నుంచి 7 ట్యూబ్‌లో పీక్ టైము, ఛార్జీ కాస్త ఎక్కువ. తొమ్మిదిన్నర దాకా ఇంట్లో ఇడ్లీలు తిని బయల్దేరండి, రైల్లో అమ్మగారికి నిలబడే పని కూడా తప్పుతుంది.

బెజవాడ బుల్లోడు:

వెళ్ళొచ్చాం, ఈ చర్చని మళ్ళీ పైకి తెస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు, తర్వాత వెతికేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

నాకు, మా ఆవిడకి క్రెడిట్ కార్డులే వాడాం, టాక్సు మామ చెప్పినట్టు ఇక్కడే టెస్ట్ చేసుకున్నాం, ఒక్కసారి కూడా ఎర్ర లైటు రాలేదు. అమ్మకి సొరుగులోని 6 పౌండ్ల కార్డ్. మొదటి రోజు ఆమె కార్డ్‌ని రీడర్ మీద హుండీలో డబ్బులేసినంత భక్తిగా మెల్లగా ఆనించేది, గేటు తెరుచుకునే లోపే చెయ్యి తీసేసేది. మూడో రోజుకి "నువ్వే పక్కకి జరుగు" అని నన్ను తోసేసి ముందు వెళ్ళిపోయింది. గుడికి ఒక్కతే నాలుగుసార్లు వెళ్ళొచ్చింది, అందులో గంటలోపు తిరిగొచ్చింది ఒక్కసారే, మిగతా మూడుసార్లు అక్కడ ఎవరో నెల్లూరువాళ్ళు పరిచయమయ్యారు.

పాపకి హీత్రూలో కొన్నప్పుడే డిస్కౌంట్ వేయించేశాను, శీను గారు చెప్పినట్టు ఆగాల్సింది, చివరి వారం పూర్తి ఛార్జీ పడింది. తొందరపాటు నాదే. గ్రీనిచ్‌లో పాప అరిచింది, అందరం పెట్టాం, మా ఆవిడ తప్ప. ఆమె అప్పటికే ఓడ దగ్గర ఫొటో తీయించుకుంటోంది. పరిగెత్తి వెనక్కి వచ్చి పెట్టింది.

మిగిలిన డబ్బులు మెషిన్‌లో వెనక్కి తీసుకోవచ్చట, 10 పౌండ్ల లోపుంటే, కానీ అలా తీసుకుంటే కార్డ్ ఆగిపోతుందని మా బావమరిది వద్దన్నాడు. అమ్మ కార్డ్‌లో 3.40 మిగిలింది. బొట్టు బిళ్ళతో సహా అదే సొరుగులో పెట్టొచ్చాం.

స్లౌ శీను:

జూలైలో మా అత్తగారు వస్తున్నారు. ఆ సొరుగు ఈస్ట్ హామ్‌లో ఏ వీధిలో ఉందన్నారు?